పదిమందికి పని ఇవ్వబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగానికి రాజీనామా చేసి జీడిమెట్లలో షెడ్డు అద్దెకు తీసుకుంటున్నావనీ, రెండు సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే లోహపు పని) యంత్రాలకు బ్యాంకు రుణం మంజూరైందనీ మీ అమ్మ చెప్పినప్పుడు ముందుగా నాకు కలిగింది గర్వమే. నీ చదువుకు ఉద్యోగం ఇచ్చేవారు చాలామంది ఉంటారు. నువ్వే నలుగురికి ఉద్యోగం ఇవ్వాలని అనుకోవడం మన ఇంట్లో ఇదే మొదటిసారి. ఆ తరువాత నువ్వు పంపిన లెక్కల కాగితం చూశాను. యంత్రాల వాయిదాలు, కరెంటు, ముడిసరుకు, టూలింగు అన్నీ పైసలతో సహా వేసినదానివి, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ‘జీతాలు’ అని ఒకే వరుస రాసి ఊరుకున్నావు. దాని పక్కన ‘పంతొమ్మిది మంది దాటకూడదు, మిగిలినవారు కాంట్రాక్టరు ద్వారా’ అని పెన్సిలుతో రాసుకున్నావు. జీవితమంతా చిన్న కర్మాగారాల జీతాల పుస్తకాలు రాసినవాణ్ణి కనుక, ఈ ఉత్తరం ఆ ఒక్క వరుస గురించీ, పక్కనున్న ఆ పెన్సిలు మాట గురించీ రాస్తున్నాను.

నీకు తెలిసినవాటిని తొందరగా దాటేస్తాను. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు మొదటి ఆర్డరు కంటే ముందే చేయించు; అది ఉచితం, డబ్బు అడిగేవారి దగ్గరికి వెళ్లకు. చేరిన ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వు; 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు దాన్ని తప్పనిసరి చేశాయి. ఆర్డరు ఎంత తొందరైనా, యంత్రానికి గార్డు (రక్షణ కవచం) తీసేసి నడపడానికి ఎవరినీ అనుమతించకు.

ఇక జీతం సంగతి. ఒక ఆపరేటరుకు నెలకు 15,000 రూపాయలు అనుకున్నావు, బాగానే ఉంది. అయితే పీఎఫ్‌కు యజమాని వాటా 12 శాతం, దానిపై బీమా, నిర్వహణ ఖర్చులు కలిపి మరో ఒక శాతం, మొత్తం 1,950 రూపాయలు. పనివాళ్ల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐకి నీ వాటా 3.25 శాతం, అంటే 488. గ్రాట్యుటీ, అంటే మనిషి మానేటప్పుడు సర్వీసు లెక్కన ఇచ్చే మొత్తం, ఐదేళ్ల తరువాతి మాట కదా అని నువ్వు అనుకుని ఉంటావు. ఏడాదికి పదిహేను రోజుల వేతనం, నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కించి ఇవ్వాలి కనుక అది నెలనెలా జీతంలో 4.81 శాతంగా పేరుకుంటూనే ఉంటుంది. ఇంకో 721 రూపాయలు. నిర్ణీత కాలానికి తీసుకున్నవారికైతే కొత్త కోడ్ ప్రకారం ఏడాదికే అర్హత వస్తుంది. అంటే 15,000 రూపాయల మనిషికి నీకయ్యే ఖర్చు 18,159 రూపాయలు. పదిమందికి నెలకు 1,81,590. ఇందులో జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా, పీఎఫ్, ఈఎస్‌ఐ పదిహేనో తేదీలోగా వెళ్లాలి. నీ సరుకు డబ్బు మాత్రం తొంభై రోజులకు వస్తుందని నువ్వే రాశావు. అంటే మొదటి బిల్లు చేతికి అందేలోగా మనుషుల మీదే 5,44,770 రూపాయలు పెట్టాలి. పైగా కొన్నవాడు చెల్లించినా చెల్లించకపోయినా, ఇన్‌వాయిస్ రాసినందుకు జీఎస్‌టీ నువ్వు కట్టవలసిందే. నీ కాగితంలో ఈ మొత్తానికి చోటు లేదు. ఒక యంత్రాన్ని ఆరు నెలలు ఆలస్యంగా కొను, కానీ ఈ డబ్బు చేతిలో లేకుండా షెడ్డు తలుపు తెరవకు.

పంతొమ్మిది సంగతి చెబితే నీకు కోపం వస్తుంది, రానీ. పీఎఫ్‌కు ఇరవై మంది, ఈఎస్‌ఐకీ గ్రాట్యుటీకీ పదిమంది ఉంటేనే చట్టం వర్తిస్తుందన్న హద్దులు నీకు ఎవరో చెప్పినట్టున్నారు, కానీ సగమే చెప్పారు. పీఎఫ్ లెక్కలో ఉద్యోగి అంటే నేరుగా పెట్టుకున్నవాడే కాదు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడు కూడా. పాత 1952 చట్టంలోనూ అంతే, కొత్త సామాజిక భద్రత కోడ్‌లోనూ అంతే. పన్నెండు మందిని నీ మస్టరులో (హాజరు పట్టీలో), పదిమందిని కాంట్రాక్టరు మస్టరులో చూపితే తనిఖీకి వచ్చినవాడు ఇరవై రెండుగానే లెక్కపెడతాడు. ఒకసారి చట్టం వర్తించాక మనుషులు తగ్గినా అది వదలదు. ఇంత చదివినదానివి, దొంగలెక్కతో ఎందుకు మొదలుపెడుతున్నావు? పంతొమ్మిది దగ్గర ఆగిపోవడానికి అలవాటు పడిన కర్మాగారాలను నేను చాలా చూశాను. పెద్ద ఆర్డరు వస్తే భయం, రెండో షిఫ్టు అంటే భయం, మంచి పనివాడు తలుపు తట్టినా భయం. చట్టం ఖర్చు వాళ్లను చిన్నగా ఉంచిందని అందరూ అంటారు. అందులో కొంత నిజమే, కాదనను. కానీ ఆ ఖర్చును మొదటిరోజు నుంచీ ధరలో కలుపుకోకపోవడం వల్లే, ఇరవయ్యో మనిషి వచ్చేసరికి అది కొండలా కనిపిస్తుంది. హద్దు రాకముందే స్వచ్ఛందంగా పీఎఫ్‌లో చేరే వీలుంది. చేరు.

పీఎఫ్ గురించి నేనింతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. 2008 చివర్లో ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముదిరినప్పుడు నేను పనిచేస్తున్న కర్మాగారం పేరు నీకు చెప్పను. యజమాని ఇప్పుడు లేరు, పిల్లలు ఉన్నారు. ఆయన మంచివాడు. జీతం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయని మనిషి అని పేరు, ఆ పేరంటే ఆయనకు ప్రాణం. సరుకులో అధిక భాగం ఒకే పెద్ద కంపెనీకి వెళ్లేది. వాళ్లు తొంభై రోజుల గడువును నూట ఇరవై చేశారు, ఆ తరువాత ఫోన్లు ఎత్తడం మానేశారు. రోజువారీ ఖర్చులకు బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు పరిమితి నిండిపోయింది. ఆ నెల జీతాలు ఏడో తేదీనే ఇచ్చారు. పీఎఫ్ చలానా సంతకానికి పెడితే, వచ్చే నెల రెండూ కలిపి కడదామని పక్కన పెట్టారు. వచ్చే నెల మూడూ కలిపి అన్నారు. జీతాల పట్టీలో పనివాడి పీఎఫ్ వాటా కోత మాత్రం ప్రతి నెలా ఉండేది. పనివాడి చేతికి వచ్చేది కోసిన తరువాతి జీతమే. ఆ కోసిన డబ్బుతో ముడిసరుకు కొన్నారు, కరెంటు బిల్లు కట్టారు, చివరకు ఆ డబ్బుతోనే మరుసటి నెల జీతాలు సమయానికి ఇచ్చి మంచిపేరు నిలుపుకున్నారు.

అప్పట్లో పీఎఫ్ ఖాతా చీటీ ఏడాదికొకసారి, అదీ ఆలస్యంగా వచ్చేది. అందుకే సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. మా దగ్గర అందరికంటే పాత టర్నరు (లేత్ మిషను పనివాడు) ఒకరు కూతురి పెళ్లికి తన ఖాతాలోంచి కొంత తీసుకుందామని దరఖాస్తు పెట్టారు. ఏడేళ్ల సభ్యత్వం ఉంటే తన వాటాలో సగం వరకు తీసుకునే నిబంధన ఉండేది. చందాలు జమ కాలేదని ఆ కాగితం తిరిగి వచ్చింది. ఆయన యజమాని దగ్గరికి వెళ్లలేదు. తన జీతం చీటీలన్నీ తెచ్చి నా బల్ల మీద పేర్చి, “ఇందులో కోసిన డబ్బు ఎక్కడుంది సార్?” అని అడిగారు. గొంతు పెంచలేదు. ఆ రోజు సాయంత్రానికి షాపు ఫ్లోరు అంతటికీ తెలిసిపోయింది.

సమ్మె జరగలేదు. అందరూ సమ్మె గురించే భయపడతారు, కానీ అక్కడ జరిగింది వేరు. డ్రాయింగు చూసి సొంతంగా సెట్టింగు చేయగలిగిన వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. మిగిలినవారు ఓవర్‌టైముకు నిలబడలేదు, తిరస్కరణకు గురయ్యే సరుకు పెరిగింది. ఆ తరువాత పీఎఫ్ కార్యాలయం నుంచి విచారణ వచ్చింది. బకాయి మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆరు నెలలు దాటినందుకు ఏడాదికి 25 శాతం చొప్పున నష్టపరిహారం వేశారు. చివరికి బ్యాంకు ఖాతాను జప్తు చేశారు. ఆ పెద్ద కంపెనీ పాత బాకీలో కొంత పంపితే అది వచ్చి పడింది ఆ జప్తు ఖాతాలోనే. ఏ జీతం కోసం ఇదంతా చేశారో ఆ జీతం మొదటిసారి ఆగిపోయింది. డబ్బు ఇబ్బంది మొదలైన నెలలోనే పనివాళ్ల ముందు నిలబడి, జీతం కొన్నాళ్లు ఆలస్యమవుతుందని చెప్పి ఉంటే చట్టం దృష్టిలో అదీ తప్పే. కానీ ఆ మనుషులు అప్పటికి ఆయనను నమ్మేవారు, ఓర్చుకునేవారనే నేను ఇప్పటికీ అనుకుంటాను. పెళ్లి ఎలాగో జరిగింది, యజమానే అప్పు చేసి సాయం చేశారు. అయినా ఆ టర్నరు తిరిగి పనిలోకి రాలేదు.

కోసి కట్టని ఉద్యోగి వాటాను నేరపూరిత నమ్మకద్రోహంగా లెక్కించవచ్చని మన శిక్షాస్మృతిలో ప్రత్యేకంగా రాసి ఉంది. అది కాక, గడువుకు ఒక్కరోజు ఆలస్యమైనా ఆ వాటాను ఖర్చుగా చూపుకునే వీలులేదనీ, దాని మీద యజమానే పన్ను కట్టాలనీ అప్పటి ఆదాయపు పన్ను చట్టం కింద 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు నీ పనివాళ్ల పాస్‌బుక్కు వాళ్ల ఫోనులోనే ఉంటుంది. ఏడాది ఆగనక్కరలేదు, మరుసటి నెలే చూస్తారు. కాబట్టి జీతాలు ఇచ్చిన రోజే, అదే గంటలో, రెండు వాటాలూ వేరే ఖాతాలోకి వెయ్యి. ఆ ఖాతాకు చెక్కుబుక్కు కూడా తీసుకోకు. చేతికి ఎక్కువ వస్తుంది కదా, పీఎఫ్ వద్దు అని కుర్రవాళ్లే నిన్ను అడుగుతారు. ఒప్పుకోకు. వాళ్లకు ఇరవై రెండేళ్లు, అరవై ఏళ్ల వయసు గురించి వాళ్లు ఆలోచించరు.

ఆ యజమాని కథలో అసలు జబ్బు బాకీ వసూలు కాకపోవడం. అక్కడ నీకు మాకంటే బలం ఎక్కువ ఉంది, వాడుకునే ధైర్యం కావాలి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, ఒప్పందం ఉన్నా సరే, సూక్ష్మ, చిన్న సంస్థలకు నలభై ఐదు రోజులలోపు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే పదిహేను రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. నువ్వు తొంభై రోజులకు ఒప్పుకున్నా ఆ సంతకం చట్టం ముందు నిలవదు. గడువులో చెల్లించకపోతే ఆ మొత్తాన్ని కొన్నవాడు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకునేలా 2023లో ఆదాయపు పన్ను చట్టాన్ని కూడా మార్చారు. ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. నిజంలో ఒక్కగానొక్క కొనుగోలుదారు మీద, ఇలాంటి బాకీల తగవులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేసినవాడికి రెండో ఆర్డరు రాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే మొదటి ఏడాది నుంచే ఏ ఒక్కరి ఆర్డరూ నీ పనిలో సగానికి మించకుండా చూసుకో. 250 కోట్లు దాటిన టర్నోవరు ఉన్న కంపెనీలు, చిన్న సంస్థల బిల్లులకు ముందే డబ్బు ఇప్పించే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు కావాలన్న నియమం ఉంది. నీ కొనుగోలుదారు అందులో ఉంటే, వాళ్లు ఒప్పుకున్న బిల్లును అక్కడ వేలం వేసి కొద్ది రోజుల్లో డబ్బు తీసుకోవచ్చు. వాళ్లు తరువాత ఎగ్గొట్టినా ఆ డబ్బు నిన్ను వెనక్కు అడగరు. వడ్డీ పోతుంది, పోనీ.

ఇంత రాశాక నిన్ను భయపెట్టానేమో అనిపిస్తోంది. చిన్నప్పుడు మా ఆఫీసుకు వచ్చి మస్టరులో పేర్లు చదువుతూ, “ఈయన ఇవాళ ఎందుకు రాలేదు మామయ్యా?” అని ప్రతి గైర్హాజరు గురించీ అడిగేదానివి. అలా అడిగే యజమానులు తక్కువ. నీ దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు రెండు వేలు ఎక్కువ వస్తాయని పక్క షెడ్డుకు వెళ్లిపోతే బాధపడతావు, నాకు తెలుసు. వెళ్లేవాడికి పూర్తి లెక్క రెండు పనిదినాల్లో తేల్చి ఇవ్వు. ఇప్పుడు చట్టం కూడా అదే అంటోంది. అలా పంపినవాళ్లలో కొందరు మళ్లీ వస్తారు, వచ్చేటప్పుడు ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని వస్తారు.

నీకు వచ్చిన ఆ పెద్ద కొనుగోలు ఆర్డరు మీద ఇంకా సంతకం చేయలేదని మీ అమ్మ అంది. చేయకు. ‘సరుకు ఆమోదించిన తరువాత చెల్లింపు’ అని అందులో ఉంటే, ఆమోదానికి ఎన్ని రోజులో రాసి ఉందేమో చూడు. సరుకు చేరిన పదిహేను రోజుల్లో వాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, చేరిన రోజే ఆమోదించినట్టు చట్టం చెబుతుంది. ఆ మాటకు విరుద్ధంగా ఉన్న షరతును కొట్టించి, మారిన కాగితం నాకు పంపు. పంపేటప్పుడు దానితోపాటు జీతాల వరుసను విడదీసి రాసిన కొత్త లెక్క కూడా పంపు. ఈసారి సిరాతో రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య