పల్లెటూరి ప్రదక్షిణ చిత్రం భక్తి చిత్రమా, వాస్తవిక చిత్రమా?

మీరు అడిగింది ఫ్రెంచి చిత్రకారుడు జూల్ బ్రెటన్ 1857లో ప్రదర్శించిన ‘ఆర్త్వాలో గోధుమ చేల ఆశీర్వాదం’ గురించి. ప్రదక్షిణ అంటే ఇక్కడ కతోలికుల ఊరేగింపు. ఉత్తర ఫ్రాన్సులోని ఆర్త్వా ప్రాంతంలో ఒక పల్లె. నలుగురు మోసే గుడ్డ పందిరి కింద గురువు (చర్చి ఫాదర్) దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా కతోలికులు కొలిచే అప్పం, పట్టుకుని చేల మధ్య నడుస్తుంటే ఊరంతా కదిలి వస్తుంది. దేవుణ్ణి ఊరేగించే బొమ్మను వాస్తవికవాదం (జీవితాన్ని ఉన్నది ఉన్నట్టు గీయాలనే ధోరణి) అని ఎలా అంటారన్నది మీ సందేహం. భక్తి ఉన్నచోట వాస్తవం ఉండదనే లెక్క నాకు మింగుడుపడదు. ఇది రెండూ. అందుకే నాకు అంత ఇష్టం.

నేను గుంటూరు వైపు కతోలిక పల్లెలో పుట్టిపెరిగాను. విచారణ (మా చర్చి పరిధి) పండుగకు మరియమాత తేరు వీధుల్లో తిరగడం చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. చదువుకి ఉత్తర ఫ్రాన్సులోని లీల్ నగరానికి వచ్చాక, ఒక ఆదివారం రైలెక్కి దగ్గర్లోని ఆరాస్ ఊరి మ్యూజియంకి వెళ్లి ఈ చిత్రం చూశాను. వెడల్పు మూడు మీటర్ల పైమాటే, ఎత్తు అందులో సగం కూడా ఉండదు. ఒకచోట నిలబడితే అందదు, దాని వెంబడి నడవాలి. తెల్లబట్టల ఆడపిల్లలు, పందిరి మోసేవాళ్లు, నల్లకోట్ల పెద్దమనుషులు, ఆ వెనక జనం. నా కళ్లు మాత్రం దారి పక్కన మోకరించినవాళ్ల దగ్గరే ఆగిపోయాయి.

ఎందుకంటే ప్రదక్షిణలో నడిచేవాళ్లు వేరు, పక్కన మోకరించేవాళ్లు వేరు. మా ఊళ్లోనూ అంతే. తేరు ముందు ఫాదర్ గారు, ఉపదేశి (ఊళ్లో మతబోధ చేసే ఆయన), జెండాలు పట్టుకున్న పిల్లలు, కమిటీ పెద్దలు. భుజాన తువ్వాలు మడిచి వేసుకుని తేరు మోసేది కూలినాలి చేసుకునే కుర్రాళ్లు. పొలం నుంచి అప్పుడే వచ్చిన ఆడవాళ్లకు వరుసలో చోటుండదు. చీరకొంగు తలమీదికి లాక్కుని, గోడవారన దుమ్ములోనే మోకాళ్లు ఆనిస్తారు. తేరు దాటిపోగానే లేచి, కాళ్లకంటిన మట్టి దులుపుకుని ఇంటి పనికి పోతారు. ఊళ్లో ఎవరి స్థానం ఎక్కడో ప్రదక్షిణ చూపించినంత స్పష్టంగా పంచాయతీ రికార్డు కూడా చూపించదు. బ్రెటన్ పట్టుకున్నది సరిగ్గా దాన్నే. దేవదూతలు లేరు, మేఘాలు చీలి వెలుగు దిగిరాదు. ఉన్నది పగటి ఎండ, చేను, మనుషులు.

ఇంతగా ఎలా పట్టుకున్నాడంటే, అది సొంత ఊరు కాబట్టి. బ్రెటన్ 1827లో కురియేర్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఒక పెద్ద భూస్వామి ఆస్తులు చూసే అధికారి. అంటే కొడుకు ఊరివాడే కానీ కొడవలి పట్టినవాడు కాదు. ఫ్రాన్సులో 1848 విప్లవం రోజుల్లో, తర్వాత పారిస్‌లో, ఆకలి మీద, లేమి మీద బొమ్మలు వేశాడు. 1854లో ఊరికి తిరిగొచ్చి అక్కడి మనుషులనే గీయడం మొదలుపెట్టాడు. ఈ చిత్రానికి పారిస్ సలోన్ అనే అధికారిక చిత్రప్రదర్శనలో రెండో తరగతి పతకం వచ్చింది, ప్రభుత్వం కొనుక్కుంది. అదే ఏడాది అదే సలోన్‌లో మిలే అనే మరో చిత్రకారుడు, కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకునే పేద ఆడవాళ్ల బొమ్మ ‘పరిగె ఏరుకునేవాళ్లు’ పెడితే దానిలో తిరుగుబాటు వాసన వచ్చిందని కొందరు విమర్శకులు మండిపడ్డారు. పరిగె ఏరుకునే వంగిన నడుములు భయపెట్టాయి, మోకరించిన రైతులు భయపెట్టలేదు. ఈ తేడా చిన్నది కాదు.

ఇక్కడే మీ సందేహంలో పస ఉంది. బ్రెటన్ చూపినది నిజమే, కానీ ఏరుకున్న నిజం. అప్పటికే కురియేర్ చుట్టుపక్కల బొగ్గు తవ్వకం మొదలైంది. ఈ చిత్రంలో దాని జాడే లేదు. కురియేర్ కంపెనీ గనుల్లో 1906 మార్చి 10న జరిగిన పేలుడులో 1,099 మంది చనిపోయారు. బ్రెటన్ పోయింది కూడా ఆ ఏడాదే. ఇది తెలిశాక ఆ పచ్చటి చేల వైపు చూస్తే గుండె కలుక్కుమంటుంది. అయినా చిత్రం అబద్ధమైపోదు. ఆ ఊళ్లో వాన కోసం, పంట కోసం చేలకు ఎదురు నడిచినవాళ్లు ఉన్నారు. ఈస్టర్ తర్వాత వచ్చే మోక్షారోహణ పండుగకు (క్రీస్తు పరలోకానికి వెళ్లిన రోజుకు) ముందు మూడు రోజులు పొలాల చుట్టూ ప్రార్థిస్తూ తిరగడం ఫ్రాన్సులో 5వ శతాబ్దం నుంచీ ఉన్న ఆచారం. పంట పోతే తిండి పోతుందని తెలిసినవాళ్ల ప్రార్థన అది. దాన్ని మూఢనమ్మకంగానో, అందమైన వేడుకగానో కొట్టిపారేయకుండా గీశాడు.

వాస్తవికవాదం మరో దారిలో ఎలా నడిచిందో తెలియాలంటే అదే కాలపు మరో ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే వేసిన ‘ఓర్నాన్‌లో ఖననం’ పక్కన పెట్టి చూడండి. 1849-50లో వేసినది, పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అదీ పల్లెటూరే, అందులోనూ గురువు, సిలువ, ఊరి జనం. కానీ ఒకడు ఇటు చూస్తాడు, ఒకడు అటు. అందరి చూపూ కలిసే చోటే లేదు. బ్రెటన్‌లో ఆ చోటు ఉంది, అది పందిరి కింద ఉంది. నాకైతే రెండూ కావాలి. మా ఊళ్లో రెండు రకాల వాళ్లనూ చూశాను, ఒకే ప్రదక్షిణలో.

వీలైతే ఆరాస్‌తో పాటు లీల్ కళా మ్యూజియంలో ఇదే బ్రెటన్ 1858లో వేసిన సిలువ ప్రతిష్ఠ చిత్రం కూడా చూడండి. ఈ రెండూ చూశాక మీకేమనిపించిందో రాయండి, ముఖ్యంగా మీరు ఇలాంటి పండుగలు లేని ఊరివారైతే.