ఆసుల జత అచ్చిరాదు అంటివి గద

చిన్నోడా,

నువ్వు మహబూబ్‌నగర్ హాస్టల్ నుంచి పంపిన నోట్‌బుక్ ఫొటోలు చూసిన. మూడు నెలల్ల 1,400 పోకర్ ఆటలు (చేతికి రెండు పత్తాలిచ్చే రకం) రాసినవ్, మిర్యాలగూడ మిల్లుల ముప్పై ఏండ్లు లెక్కలు రాసినోని తమ్మునికొడుకు అనిపించుకున్నవ్. కానీ లాస్ట్ పేజీల 'ఆసుల జత నాకు అచ్చిరాదు, రాణి-జాకీ అచ్చొచ్చింది' అని రాసినవ్ చూడు, ఆడ నవ్వొచ్చింది.

ఆసుల జత సగటున 221 ఆటలకు ఒకపారి వస్తది. నీకు ఆరుసార్లొచ్చి నాలుగుసార్లు పోయింది, గంతే గద? వడ్ల లారీ వస్తే ఒక్క బస్తా తేమ చూసి లారీ మొత్తానికి రేటు కడితే సేటు ఊకుంటడా, పైన కింద నడుమ బస్తాలు గుచ్చి చూడాలె. చేతికొచ్చే రెండు పత్తాలనే హ్యాండ్ అంటరు గద, అవి మొత్తం 169 రకాలున్నయ్, ఒక్కొక్కదానికి లెక్క తీసేటన్ని ఆటలు నీ దగ్గర లెవ్వు. అందుకే గుంపులు కట్టు. జతలన్నీ కలిపితే 17 ఆటలకు ఒకటి, అంటే నీకు ఎనభై దాకా ఉంటయ్, గప్పుడు ఏమన్న మాట్లాడొచ్చు, అదిగూడ జర భయపడుకుంటనే. రాణి-జాకీ లాభం రెండు పెద్ద పాట్లదే (నడుమ పోగైన పందాలు), అవి తీసేసి కూడితే మైనస్సే, నేను కూడి చూసిన.

ఆసుల జతకు ఎంతమంది లోపలికొచ్చిన్రో నువ్వు రాయనే లేదు. ఒక్కడే ఎదురుంటే, వానికి ఏ పత్తాలొచ్చినయో తెల్వకున్నా, సగటున నూటికి 85 సార్లు నీదే. అట్లనే నలుగురిని రానిస్తే 56కు పడిపోతది. రేజ్ చెయ్యక, అంటే పందెం పెంచక, మందిని పోగేసి పత్తాను తిడుతున్నవేమోనని నా అనుమానం. మీ నాయన గూడ గంతే, రమ్మీల జోకర్ దాసుకొని దాసుకొని ఫుల్ కౌంట్ తినేటోడు.

ఇగ బిగ్ బ్లైండ్ల, అంటే పత్తాలు చూడకముందే ఒక బ్లైండ్ పందెం కట్టాల్సిన సీట్ల, ఆడిన 20 హ్యాండ్లు కలిపి 12 బ్లైండ్లు పోయినయని అన్నిటిని కొట్టేసినవ్. అరేయ్, అన్నీ ఆడకుండ పడేస్తే 20 పోయేటియి గద, ఎనిమిది మిగిలినట్టు! సగం కట్టే స్మాల్ బ్లైండ్ సీటు తప్ప వేరే సీట్ల పడేస్తే ఏం పోదు, ఆడ మైనస్ అంటే మైనస్సే. అందుకే సీటు ఏదో పక్కన రాయాలె, డీలర్ బటన్ మీద, అంటే ఎక్కువసార్లు ఆఖరుకు ఆడే సీట్ల, లాభం తెచ్చిన హ్యాండే మొదలు ఆడే సీట్ల ముంచుతది.

చింతగింజలతోనే ఆడు, పైసల జోలికి పోకు. ఆన్‌లైన్ల పైసలు పెట్టి ఆడుడు, రమ్మీతో సహా, మన రాష్ట్రంల 2017లనే బంద్ అయింది, 2025ల కేంద్రం చట్టం గూడ వచ్చింది.

ఆట అయిపోంగనే రాయి, పండుకునే ముందు యాది చేసుకొని రాస్తే పెద్ద దెబ్బలే గుర్తుంటయ్. పడేసినవాటికి గూడ ఒక గీత పెట్టు. కొత్త పుస్తకం కొనకు, మిల్లుయి రెండు ఖాళీగున్నయ్ నా దగ్గర, ఆదివారం బస్సుల పంపిస్త.

పెద్దనాయన