స్కాట్లాండ్ చరిత్ర చదవాలంటే ఒక్క రాయితో మొదలుపెట్టండి

"సెప్టెంబరులో ఎడిన్‌బరోకి చదువుకు వస్తున్నాను. స్కాట్లాండ్ చరిత్ర, కళ, పురావస్తు తవ్వకాల గురించి తెలుసుకోవాలని ఉంది. అన్నీ కలిపి ఒకే పుస్తకం ఏదైనా ఉందా? డబ్బు ఎక్కువ పెట్టలేను" అని అడిగారు.

ఒకే పుస్తకం కోసం వెతకొద్దు. నేను ఆ పని చేసి దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను. మాది సత్తెనపల్లి దగ్గర. 2011లో డండీకి చదువుకి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాను. వచ్చిన కొత్తలో మైకేల్ లించ్ రాసిన 'స్కాట్లాండ్: ఎ న్యూ హిస్టరీ' (1991) కొన్నాను. మంచి పుస్తకం, ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది. కానీ ఏమీ తెలియకుండా పట్టుకుంటే కెన్నెత్‌లు, మాల్కంలు, అలెగ్జాండర్లు వరసగా వచ్చి పడతారు. తూర్పు చాళుక్యుల్లో విజయాదిత్యులూ విష్ణువర్ధనులూ ఎవరు ఎవరో తెలియక తికమకపడతాం చూడండి, అచ్చం అలాగే. అరవై పేజీలయ్యాక పక్కన పెట్టేశాను.

నాకు దారి దొరికింది అబర్‌లెమ్నో అనే చిన్న ఊళ్ళో. ఫార్ఫర్ నుంచి బ్రీకిన్ వెళ్ళే రోడ్డు పక్కన పాత చెక్కడపు రాళ్ళున్నాయి, చూసొద్దాం రమ్మని ఒక జనవరి ఆదివారం తోటి ఉద్యోగి కారులో తీసుకెళ్ళాడు. తీరా వెళ్తే రాళ్ళు కనపడలేదు. రోడ్డు పక్కన బీరువాల్లా నిలబెట్టిన చెక్క పెట్టెలున్నాయి. రాతి పగుళ్ళలోకి నీళ్ళు దిగి గడ్డకడితే చెక్కడం పెచ్చులూడిపోతుందని చలికాలమంతా వాటిని అలా మూసి ఉంచుతారట. పెట్టె మీద చెయ్యి వేసి, లోపల ఏముందో తెలియకుండానే వెనక్కి వచ్చాను. ఏముందో తెలుసుకునేదాకా మనసు ఊరుకోలేదు.

ఆ వారమే లైబ్రరీకి వెళ్ళి అడిగాను. అక్కడి పెద్దావిడ రెండు లావుపాటి సంపుటాలు తెచ్చి నా ముందు పెట్టింది. రొమిలీ అలెన్, జోసెఫ్ ఆండర్సన్ కలిసి చేసిన 'ది ఎర్లీ క్రిస్టియన్ మాన్యుమెంట్స్ ఆఫ్ స్కాట్లాండ్'. అచ్చయింది 1903లో, నేను చూసింది 1993 నాటి పునర్ముద్రణ. దేశంలో అప్పటికి తెలిసిన తొలి మధ్యయుగపు చెక్కడపు రాళ్ళన్నిటినీ ఊరూరా లెక్కకెక్కించి, బొమ్మలతో, కొలతలతో పెట్టారు. మధ్యయుగపు తొలినాళ్ళలో స్కాట్లాండ్ ఉత్తర, తూర్పు భాగాల్లో బతికిన పిక్టులు అనే జనం చెక్కిన రాళ్ళను మూడు తరగతులుగా విడగొట్టింది ఈ పుస్తకమే. చెక్కి చదును చేయని బండ మీద గుర్తులు మాత్రమే ఉంటే మొదటి తరగతి. చదును చేసిన పలక మీద శిలువా, పిక్టుల గుర్తులూ రెండూ ఉంటే రెండోది. గుర్తులు పోయి శిలువ మిగిలితే మూడోది. నూట ఇరవై ఏళ్ళు దాటినా పరిశోధకులు ఇంకా ఈ లెక్కతోనే మాట్లాడుకుంటారు. వాళ్ళు అచ్చువేసిన బొమ్మల్లో ఉన్న కొన్ని గీతలు ఇవాళ రాతి మీద అరిగిపోయాయి కూడా.

పెట్టెలు తీశాక ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నం ఎండలో అది మామూలు బూడిదరంగు బండ. ఆరు దాటాక ఎండ ఏటవాలుగా పడేసరికి మెలికలు తిరిగిన పాము పైకి తేలింది. దాని కింద రెండు చక్రాలూ, వాటిని అడ్డంగా కోసుకుంటూ పోయే విరిగిన బాణం లాంటి గీత. అన్నిటికంటే కింద ఒక అద్దం, దువ్వెన. వెయ్యేళ్ళు ఎప్పుడో దాటిన దువ్వెన అది. నేను లైబ్రరీలో పెన్సిలుతో గీసుకున్న కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో గీతా వెతుక్కుంటూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. ఈ గుర్తుల అర్థం ఇదీ అని అందరూ ఒప్పుకున్న జవాబు ఇప్పటికీ లేదు.

అక్కడికి దగ్గర్లోనే చర్చి ఆవరణలో ఇంకో రాయి ఉంది. ముందువైపు శిలువ, వెనకవైపు యుద్ధం. ముక్కు మీదికి రేకు దిగిన శిరస్త్రాణాలతో రౌతులు, ఈటెలు పట్టిన కాల్బలం, కింద మూల పడిపోయిన మనిషిని పొడుస్తున్న పక్షి. 685లో పిక్టుల రాజు బ్రుడే చేతిలో ఉత్తర ఇంగ్లాండు వైపున్న నార్తంబ్రియా రాజు ఎగ్‌ఫ్రిత్ చచ్చిపోయిన యుద్ధం ఇదేనని చాలా పుస్తకాలు రాశాయి. యుద్ధభూమి పక్కనే ఉన్న డునికెన్ అని అనుకోవడం అందుకు ఒక కారణం. 2006లో అలెక్స్ వూల్ఫ్ అనే చరిత్రకారుడు ఒక వ్యాసంలో ఈ లెక్కని తిరగేశాడు. యుద్ధం జరిగింది ఇక్కడ కాదు, ఉత్తరాన కొండల్లో డునాక్టన్ దగ్గర కావచ్చన్నాడు. పిక్టుల ప్రధాన రాజ్యం ఫోర్ట్రియు కూడా దక్షిణాన పెర్త్ వైపు కాదు, ఉత్తరాన 'మరే ఫర్త్' (Moray Firth) అనే సముద్రపు పాయ తీరం వైపు ఉండేదని వాదించాడు. రాజ్యం సంగతిలో ఎక్కువమంది పండితులు ఆయన మాటకే వచ్చారు. అంటే 2006కి ముందు అచ్చయిన పుస్తకంలో పటం చూస్తే, ఒక రాజ్యం మొత్తం ఇప్పుడు అనుకునే చోట ఉండదు!

అందుకే ఈ సబ్జెక్టులో ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు అచ్చయిన సంవత్సరం చూడండి. పాతవి వదిలేయమని కాదు. దేని కోసం చదువుతున్నామో తెలిసి చదవాలి.

దీనికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లోని స్కారా బ్రే. 1850లో తుఫాను ఇసుక దిబ్బని కోసేస్తే బయటపడిన ఊరు. ఇళ్ళలో రాతి మంచాలు, రాతి అరలు అలాగే నిలిచి ఉన్నాయి. ఎడిన్‌బరోలో ప్రొఫెసరుగా ఉన్న గోర్డన్ చైల్డ్ 1920ల చివర్లో అక్కడ తవ్వి, 1931లో పుస్తకం వేశాడు. పేరే 'స్కారా బ్రే: ఎ పిక్టిష్ విలేజ్ ఇన్ ఆర్క్నీ'. ఆ కాలానికి ప్రపంచంలోనే పేరున్న పురావస్తు పండితుల్లో ఒకడు, స్వయంగా తవ్వినవాడు, అట్ట మీదే పొరబడ్డాడు. అది పిక్టుల ఊరు కాదు, దాదాపు 5000 ఏళ్ళ కిందటి నవీన శిలాయుగపు ఊరు. అక్కడి కుండపెంకులను ఇంగ్లాండులో దొరికిన వాటితో పోల్చి చూస్తే అనుమానం మొదలైంది, 1970లలో రేడియోకార్బన్ లెక్కలు తేల్చాయి. నేను చైల్డ్ పుస్తకాన్ని ఇష్టంగానే చదివాను. ఏ గదిలో ఏ వస్తువు ఎక్కడ పడి ఉందో ఆయన రాసిపెట్టిన తీరు చూస్తే, కాలం తప్పినా కళ్ళు తప్పలేదనిపిస్తుంది.

పిక్టుల కళ మీదే ఒక పుస్తకం కావాలంటే జార్జ్ హెండర్సన్, ఇసబెల్ హెండర్సన్ దంపతుల 'ది ఆర్ట్ ఆఫ్ ది పిక్ట్స్' (2004). ఫొటోల కోసమైనా చూడాలి. ధర ఎక్కువ, లైబ్రరీలోనే చదవండి.

ఇక మామూలు జనం ఎలా బతికారు అన్నదానికి టి.సి. స్మౌట్ రాసిన 'ఎ హిస్టరీ ఆఫ్ ది స్కాటిష్ పీపుల్' (1969). 1560 నుంచి 1830 దాకా రైతులు, చర్చి పంచాయతీలు, బడులు, తిండి, అన్నీ ఉంటాయి. చారిటీ షాపుల్లో పాత కాపీలు తేలిగ్గా దొరుకుతాయి. నాది నాలుగు చేతులు మారి వచ్చింది.

దీనితోపాటు మీరు తప్పకుండా చూడాల్సింది 'స్టాటిస్టికల్ అకౌంట్స్'. జాన్ సింక్లెయిర్ అనే ఆయన 1790లలో దేశంలోని ప్రతి పారిష్‌లో (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళ ప్రాంతం) ఉన్న పాదిరికి నూట అరవైకి పైగా ప్రశ్నలు పంపి జవాబులు రాబట్టి 21 సంపుటాలు వేయించాడు. నేల ఎలాంటిది, కూలి ఎంత, పాత కోటలూ సమాధులూ ఏమున్నాయి, జనం ఏ భాష మాట్లాడతారు అని. చదువుతుంటే నాకు మన కైఫీయతులే గుర్తొచ్చాయి. ఊరి కరణం చెప్పింది చెప్పినట్టు రాసుకున్న ఆ కాగితాలకీ, వీటికీ కాలం కూడా దాదాపు ఒకటే.

ఆ కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ ఎక్కడివాడో తెలుసా? స్కాట్లాండ్ పడమటి తీరంలో లూయిస్ దీవి, స్టోర్నవే ఊరు. మా ఇంటికి దగ్గర్లోని అమరావతి దిబ్బ గురించి బయటి ప్రపంచానికి మొదట రాసింది ఆయనే. తర్వాత 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకి కళ్ళూ చెవులూ అయినవాళ్ళు మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. ఇదంతా నాకు తెలిసింది ఇక్కడికొచ్చాక, లూయిస్ చదరంగపు పావుల గురించి చదువుతున్నప్పుడు. చిన్నప్పుడు అమరావతి ఎన్నిసార్లు వెళ్ళానో, ఒక్కసారి కూడా ఆ పేరు వినలేదు.

ఆ పావులు 1831లో ఆ దీవిలోనే, ఊయిగ్ ఇసుకలో దొరికాయి. దొరికిన వస్తువులు మొత్తం 93, ఎక్కువ భాగం వాల్రస్ అనే సముద్ర జంతువు దంతంతో చెక్కినవి. 82 లండన్ బ్రిటిష్ మ్యూజియం సొత్తు, 11 ఎడిన్‌బరోలో ఉన్నాయి. అమరావతి శిల్పాలూ ఆ లండన్ మ్యూజియంలోనే ఉన్నాయి కాబట్టి, ఒకే కప్పు కింద మా ఊరి వైపు రాళ్ళూ మెకంజీ దీవి పావులూ చూడొచ్చు. అవి చూసిన రోజు నాకు గొంతు పూడుకుపోయింది. వీటి మీద 'ది లూయిస్ చెస్‌మెన్: అన్‌మాస్క్డ్' (2010) అని చిన్న పుస్తకం ఉంది. పావుల ముఖాలు కొలిచి, ఎంతమంది చేతులు వాటిని చెక్కాయో విడదీయడానికి ప్రయత్నించారు. కొనాలంటే ముందు అది కొనండి.

చిత్రకళకి డంకన్ మెక్‌మిలన్ 'స్కాటిష్ ఆర్ట్' చాలు. దాన్ని వరసగా చదవొద్దు. క్వీన్ స్ట్రీట్‌లోని పోర్ట్రెయిట్ గ్యాలరీకి వెళ్ళి, నచ్చిన బొమ్మ ముందు నిలబడి, ఇంటికొచ్చి ఆ చిత్రకారుడి పేజీలు చదవండి. నేను రేబర్న్‌తో అలా మొదలుపెట్టాను. హైలాండ్స్ అనే కొండ ప్రాంతపు రైతులను భూముల నుంచి వెళ్ళగొట్టిన కథ మాత్రం ఒక్క పుస్తకంతో వదలొద్దు. జాన్ ప్రెబుల్ 'ది హైలాండ్ క్లియరెన్సెస్' (1963) ఏడిపిస్తుంది. వెంటనే టామ్ డివైన్ 'ది స్కాటిష్ క్లియరెన్సెస్' (2018) చదివితే, అదే పని దక్షిణాన పల్లపు ప్రాంతమైన లోలాండ్స్‌లో ఎంత నిశ్శబ్దంగా జరిగిందో తెలుస్తుంది.

డబ్బు గురించి భయం వద్దు. నేషనల్ లైబ్రరీలో సభ్యత్వం ఉచితం, పుస్తకం ఇంటికివ్వరు గానీ అక్కడ కూర్చుని ఎంతసేపైనా చదువుకోవచ్చు. వాళ్ళ సైట్లో పాత పటాలు ఎన్నో ఉన్నాయి. 1780లో పెట్టిన సొసైటీ ఆఫ్ యాంటిక్వెరీస్ ఆఫ్ స్కాట్లాండ్ అనే పురావస్తు సంఘం వారి పాత సంచికలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నా రాయి గురించి సగం అక్కడే చదివాను.

మీరు సెప్టెంబరులో వస్తున్నారు కాబట్టి ఒక్క మాట. గది, బ్యాంకు ఖాతా పనులు తెమిలిన మొదటి వారాంతంలోనే ఫార్ఫర్ దాకా వెళ్ళి అబర్‌లెమ్నో చూసెయ్యండి. సాయంత్రం ఎండ ఉండేలా చూసుకోండి. సెప్టెంబరు దాటితే ఆ రాళ్ళని మళ్ళీ పెట్టెల్లో మూసేస్తారు, ఏప్రిల్ దాకా తియ్యరు.