పార్క్ గురించి రాసేముందు

చి. శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

డబ్లిన్‌లో ఉద్యోగం మానేసి, జేమ్స్ సెసిల్ పార్క్ టెన్నిస్ జీవితం మీద పుస్తకం రాస్తావట. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనింటి పిల్ల ఆటల మీద పుస్తకం రాస్తోందంటే గర్వంగానే ఉంది. ఆ మానేయడం మాట వినే నిద్ర పట్టలేదు.

పాత పత్రికలు తిరగెయ్యి, తేదీలు రెండుచోట్ల సరిచూసుకో. ఇవి నీకు తెలిసినవే.

నేను స్పోర్ట్స్ డెస్క్‌లో ఉన్నప్పుడు ఒకాయన పార్క్‌ను ‘ఇంగ్లండ్ ఆటగాడు’ అని రాసేశాడు. ఎందుకయ్యా అంటే రికార్డులు చూపించాడు. 1908 లండన్ ఒలింపిక్స్ డబుల్స్‌లో జోసయ్య రిచీతో కలిసి గెలిచిన రజతం బ్రిటన్ పద్దులో ఉంది. 1912లో మెల్‌బోర్న్‌లో డేవిస్ కప్ (దేశాల జట్ల టెన్నిస్ పోటీ) గెలిచిన జట్టు పేరు బ్రిటిష్ ఐల్స్, అంటే బ్రిటన్, ఐర్లండ్ కలిసిన జట్టు. ఐర్లండ్ అప్పుడు బ్రిటన్ పాలనలోనే ఉంది మరి! కానీ పార్క్ పుట్టింది ఐర్లండ్‌లో, మొనగన్ కౌంటీలోని క్లోన్స్‌లో. 1903 నుంచి 1909 దాకా ఐర్లండ్ తరఫున 20 రగ్బీ మ్యాచ్‌లు ఆడాడు. ఆ ఒక్క మాటతో అదంతా కొట్టుకుపోయింది. వెయ్యిమంది చదివాక సవరణ వేస్తే ఎవరు చూస్తారు? నువ్వు రెండు జట్లనూ రాయి, అప్పటి పాలన సంగతీ రాయి. ఇందులో బద్ధకిస్తే మాత్రం ఊరుకోను.

కప్పుల జాబితా ఇచ్చి వదిలెయ్యకు తల్లీ. మెల్‌బోర్న్‌లో నార్మన్ బ్రూక్స్‌ను అతని సొంత ఊళ్ళోనే ఓడించాడు. అదే పర్యటనలో న్యూజిలాండ్‌లోని హేస్టింగ్స్‌లో ఆస్ట్రలేషియన్ టైటిల్ (ఇప్పటి ఆస్ట్రేలియన్ ఓపెన్) కోసం సొంత జట్టువాడైన ఆల్ఫ్రెడ్ బీమిష్‌తో ఐదు సెట్లు పోరాడి గెలిచాడు. నాకైతే వాటన్నిటికన్నా 1913 డేవిస్ కప్ ఎక్కువ. వింబుల్డన్‌లో అమెరికా మీద తన రెండు సింగిల్స్ గెలిచాడు. అయినా కప్పు 3-2తో అమెరికా తీసుకుపోయింది. ఆ సాయంత్రం అతనెలా ఉన్నాడోనని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ చోట తొందరపడకు, నాలుగు పేజీలైనా సరే.

1914లో ఎథెల్ లార్కోంబ్‌తో వింబుల్డన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచాడు, ఆ వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం. టర్కీలోని గల్లిపోలిలో పోరాడుతూ గాయపడ్డాడు. దాన్ని చివర్లో ఒక్క వాక్యంలో పెట్టి ముగించకు.

ఇంకోటి. పార్క్ సొలిసిటర్, అంటే న్యాయవాది. ఆ వృత్తి ఉండగానే ఇంత ఆడాడు. నువ్వు మాత్రం ఎందుకు మానెయ్యాలి? పరాయి దేశం, అద్దె ఇల్లు, ఒక్కదానివి. శని, ఆదివారాలు రాసుకో. ఆలస్యమైతే అవనీ. నిన్ను తిట్టడానికి రాయలేదమ్మా, భయంతో రాస్తున్నాను.

మొదటి అధ్యాయం అవగానే పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.

నీ పెదనాన్న