పొద్దున్నే దవడ నొప్పి, చెవి ముందు శబ్దం: సమాధానం

లేవగానే దవడ నొప్పి, నోరు తెరిస్తే చెవి ముందు టక్‌మని శబ్దం, అమలాపురంలో చూపిస్తే చెవి బాగానే ఉందన్నారు అని రాశారు కదండీ. ఇది చాలావరకు దవడ కీలుదే అయ్యుంటుంది. ఆ కీలు చెవికి ఆనుకునే ఉంటుంది కాబట్టి చెవిపోటులా అనిపిస్తుంది. నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో ఇంట్లోవాళ్లను అడగండి. టెన్షన్ ఉంటే అది పెరుగుతుంది.

కొన్నాళ్లు మెత్తటి తిండే తినండి. చెరకు ముక్కలు, మామిడి తాండ్ర, వేయించిన జీడిపప్పు వద్దు, పూతరేకులు తినొచ్చు. వేడినీళ్లలో పిండిన గుడ్డతో రోజుకు రెండు మూడుసార్లు పావుగంట కాపడం పెట్టండి. ఆవులించేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించండి. మామూలుగా ఉన్నప్పుడు పెదాలు మూసి, పై పళ్లు కింది పళ్లు తాకకుండా ఉంచండి. నా ఉద్దేశంలో అన్నిటికంటే మేలు చేసే అలవాటు ఇదే. అయినా తగ్గకపోతే పళ్ల డాక్టరు రాత్రిపూట పళ్లకు పెట్టుకునే గార్డు (పళ్ల తొడుగు) చేయించి ఇస్తారు. భీమవరం, రాజమండ్రిలో డెంటల్ కాలేజీలున్నాయి.

వక్క, గుట్కా అలవాటుండి నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే అది వేరే జబ్బు, ఆలస్యం చేయకండి. వాపు, జ్వరం ఉంటే పంటికి చీము పట్టి ఉండొచ్చు. దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం వస్తే మాత్రం గుండెపోటు కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.