ప్రభుత్వ ఉద్యోగం కదా అని ఖాతా ఖాళీగా పెట్టుకుంటే...

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 40. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పని చేస్తున్నాను. పోస్టింగ్ హైదరాబాద్. 2020లో కోవిడ్ వచ్చినప్పటి నుంచి మా విభాగానికి ఇంటి నుంచే పని. మిగతా సెక్షన్లు 2022 ఫిబ్రవరిలో ఆఫీసుకు వెళ్లిపోయినా మాకు పొడిగిస్తూ వచ్చారు. ఇప్పుడు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రోజూ ఆఫీసుకు రావాలని ఆర్డర్ వచ్చింది. బేసిక్ 60,400, చేతికి లక్ష దాకా వస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 20 వేలు. బాబు తొమ్మిదో తరగతి, పాప ఆరు. అమ్మ మాతోనే ఉంటుంది. కుటుంబాన్ని ఇప్పుడే కదిలించలేను. నా వరకు హైదరాబాద్‌లో 20 వేలకు ఒక ఫ్లాట్ చూశాను. బ్యాంకు వాళ్లు ఆరు లక్షల పర్సనల్ లోన్ ప్రీ అప్రూవ్డ్ అంటున్నారు. అందులో మూడు లక్షలతో అడ్వాన్సు, సామాన్లు, బండి అయిపోతాయి. మిగతా మూడు లక్షలు పే కమిషన్ అరియర్స్ (పెరిగే జీతం తాలూకు వెనకటి బకాయిలు) వచ్చేదాకా నెలనెలా లోటుకు వాడుకుందామని ఆలోచన. లోన్ ఆలస్యమైతే తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి సర్దుతానన్నారు. ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి ఎమర్జెన్సీ ఫండ్ ఏమీ పెట్టుకోలేదు. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదు. ఆ లోన్ తీసుకోకండి. రెండు రూపాయల వడ్డీ సంగతైతే మళ్లీ ఎత్తకండి. మూడు లక్షలు తెచ్చారనుకోండి, నెలకు ఆరు వేలు వడ్డీకే పోతుంది. ఏడాది తిరిగేసరికి 72 వేలు కట్టి ఉంటారు, అసలు మాత్రం మూడు లక్షలు అలాగే కూర్చుని ఉంటుంది. నెలనెలా ఖాయంగా జీతం పడే మనిషి ఆ గుమ్మం ఎందుకు ఎక్కుతాడో నాకు ఎన్నేళ్లయినా అర్థం కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివరి నుంచి రెండో వాక్యం. ‘ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి ఎమర్జెన్సీ ఫండ్ పెట్టుకోలేదు’ అన్నారు. గుంటూరు, విజయవాడల్లో నా దగ్గరికి వచ్చే ఉద్యోగుల్లో చాలామందిది ఇదే మాట. ఉద్యోగం పోదు కాబట్టి ఆపద రాదని లెక్క. మీ ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు, ఇంట్లో ఎవరికీ జబ్బు చేయలేదు. ఒక్క ఆర్డర్ వచ్చింది. దానికే ఆరు లక్షల అప్పు దాకా వెళ్లారు.

మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాను. జీతం పడిన ఐదు రోజుల్లోపే వరసగా నాలుగు కోతలు. ఇంటి లోన్ 22 వేలు, కారు 14 వేలు, చీటీ 20 వేలు, ఎల్‌ఐసీ 5 వేలు. అక్కడికే 61 వేలు. పిల్లల ఫీజులు నెలకు సరాసరి 15 వేలు, ఇల్లు గడవడానికి 25 వేలు, అమ్మగారి మందులు 4 వేలు. మొత్తం లక్షా ఐదు వేలు. ఇద్దరి సంపాదన లక్షా ఇరవై. మిగలాల్సిన పదిహేను వేలు ఎక్కడికి పోతున్నాయంటే రెండొందలు, మూడొందల యూపీఐ చెల్లింపులు రెండు పేజీల నిండా ఉన్నాయి. 28వ తేదీన బ్యాలెన్సు 11,400. ఎఫ్‌డీ లేదు, ఆర్‌డీ లేదు. పన్నెండేళ్ల సర్వీసు తర్వాత ఇంట్లో ఆపదకు ఆసరా పదకొండు వేల నాలుగు వందలు.

ఇలా ఎందుకైందో చూద్దాం. మీ హెడ్‌క్వార్టర్స్ హైదరాబాద్ కాబట్టి ఇంటి అద్దె భత్యం, అదే హెచ్‌ఆర్‌ఏ, హైదరాబాద్ రేటులోనే వచ్చింది. అది ఎక్కువ రేటున్న ఎక్స్ కేటగిరీ నగరం, మన గుంటూరు, విజయవాడ అంతకన్నా తక్కువ రేటున్న వై కేటగిరీ. కరువు భత్యం (డీఏ) 50 శాతానికి చేరడంతో 2024 జనవరి నుంచి ఎక్స్ నగరాలకు హెచ్‌ఆర్‌ఏ బేసిక్‌లో 30 శాతం అయింది. మీకు నెలకు 18,120 రూపాయలు. మీరేమో గుంటూరులో సొంత ఇంట్లో ఉన్నారు. ఆ డబ్బు హైదరాబాద్‌లో అద్దె కట్టుకోమని ఇచ్చింది, కట్టాల్సిన పని లేకుండా ఇన్నేళ్లు గడిచింది. మీరు దాన్ని జీతం పెరిగినట్టే లెక్కేసుకున్నారు. ఆ ధీమాతోనే 2022లో పై పోర్షన్ వేశారు, ఏసీ, ఇన్వర్టర్ పెట్టి ఒక గదిని ఆఫీసుగా మార్చుకున్నారు. ఆ తర్వాత కారు. ఈ రెండింటి ఈఎంఐలే 36 వేలు, మీ హెచ్‌ఆర్‌ఏకు రెట్టింపు. ఒక ఆర్డర్‌తో వచ్చిన సౌకర్యం ఇంకో ఆర్డర్‌తో పోతుంది. అమెరికాలో 2025 జనవరి 20న ట్రంప్ పదవి చేపట్టిన రోజునే ఫెడరల్ ఉద్యోగులు పూర్తిగా ఆఫీసుకు వచ్చి పని చేయాలని మెమో మీద సంతకం పెట్టారు. ఎక్కడైనా ప్రభుత్వ ఉద్యోగికి ఉద్యోగ భద్రత ఉండొచ్చు, కూర్చునే కుర్చీ ఎక్కడుంటుందో ఆ భద్రతలో భాగం కాదు. ఇంకో మాట, హెడ్‌క్వార్టర్స్ మారలేదు కాబట్టి బదిలీ ఖర్చులకిచ్చే ట్రాన్స్‌ఫర్ టీఏ మీద ఆశ పెట్టుకోకండి.

ఇక మీ ప్లాన్‌నే మీ లెక్కల్లో పెట్టి చూద్దాం. ఫ్లాట్ అద్దె 20 వేలు. తిండి, కరెంటు, మెయింటెనెన్స్ 9 వేలు. ఊళ్లో తిరగడం, వారాంతం గుంటూరు రాకపోకలు 5 వేలు. ఆరు లక్షల లోన్ 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు పెడితే ఈఎంఐ 13,350 దాకా. అంతా కలిపి నెలకు 47 వేల పైమాట. ఆ యూపీఐ ఖర్చులన్నీ రేపటి నుంచి మానేసినా మీ దగ్గర మిగిలేది 15 వేలు. లోటు 32 వేలు. మీరు పక్కన పెట్టుకుందామనుకున్న మూడు లక్షలు తొమ్మిది నెలల్లో అయిపోతాయి. అప్పటికి ఇంకా 51 ఈఎంఐలు మిగిలి ఉంటాయి. లోటు పూడ్చుకోవడానికి అప్పు, ఆ అప్పు వాయిదా వల్ల లోటు ఇంకా పెద్దది. దీన్ని ప్లాన్ అనడానికి నాకు నోరు రావడం లేదు.

పే కమిషన్ అరియర్స్ అంటారా. ఎనిమిదో వేతన సంఘం విధివిధానాలకు కేబినెట్ ఆమోదం తెలిపింది 2025 అక్టోబరులో. నివేదికకు ఇచ్చిన గడువు 18 నెలలు. నివేదిక వచ్చాక ప్రభుత్వం పరిశీలించాలి, నోటిఫికేషన్ రావాలి. ఏడో వేతన సంఘం 2015 నవంబరులో నివేదిక ఇస్తే నోటిఫికేషన్ 2016 జులైలో వచ్చింది. మీకు బాగా గుర్తుండాల్సింది ఇంకోటి ఉంది. అప్పుడు కొత్త బేసిక్‌కు 2016 జనవరి నుంచి అరియర్స్ ఇచ్చారు గానీ, కొత్త హెచ్‌ఆర్‌ఏ 2017 జులై 1 నుంచే అమలైంది. మధ్యలో ఉన్న ఏడాదిన్నరకు పైసా అరియర్స్ లేదు. మీరు అద్దె కోసం అప్పు చేసి, తీర్చడానికి చూస్తున్నది అరియర్స్ వైపు. ఈసారి ఎలా ఇస్తారో ఎవరూ చెప్పలేరు. రాని డబ్బును చూసుకుని ఈఎంఐ మీద సంతకం పెట్టకండి.

మరి ఏం చేయాలి? ముందు ఆ ఫ్లాట్ వదిలేయండి. ఆఫీసుకు దగ్గర్లో భోజనంతో కలిపి మంచి హాస్టల్ చూసుకోండి, లేదా అక్కడే పని చేసే వాళ్లతో కలిసి గది పంచుకోండి. రాకపోకలతో కలిపి 16 వేలలో అయిపోవాలి. నలభై ఏళ్ల వయసులో హాస్టలా అని మొహం చిట్లించకండి. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చినప్పుడు మీకన్నా సీనియర్లు కుటుంబాలను హైదరాబాద్‌లో ఉంచి, ఇక్కడ నలుగురు ఒక ఇంట్లో సర్దుకుని, శుక్రవారం సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని రైలెక్కారు. వాళ్లు అటు వెళ్లారు, మీరు ఇటు వస్తారు. నడికుడి, నల్గొండ మీదుగా పోయే రైళ్లు మీ ఊరి నుంచే ఉన్నాయి. బండి కూడా కొత్తది అక్కర్లేదు, గుంటూరులో మీ దగ్గరున్న స్కూటర్ పార్శిల్లో వేయించుకోండి.

కారు అమ్మేయండి. తెలుసు, ఇంట్లో గొడవవుతుంది. మీరు హైదరాబాద్‌లో ఉంటే అది ఐదు రోజులు గుంటూరులో ఎండకు నిలబడి ఉంటుంది, 14 వేలు మాత్రం ఠంచనుగా పోతాయి. లోన్ తీరిపోయి చేతికి అర లక్ష మిగిలినా నయమే. పై పోర్షన్ అద్దెకివ్వండి. ఆ ఆఫీసు గదిలో ఇక కూర్చునే వాళ్లు లేరు కదా. నేను 8 వేలే వేసుకున్నాను, మీ వీధిలో ఎంత పలుకుతుందో మీకే బాగా తెలుసు. ఈ మూడూ చేస్తే రాబడి లక్షా 28 వేలు, మీరు ఇంట్లో లేరు కాబట్టి ఇంటి ఖర్చు 22 వేలకు దిగుతుంది, మొత్తం ఖర్చు హాస్టల్‌తో కలిపి లక్షా నాలుగు వేలు. చిల్లర ఖర్చులకు పది వేలు వదిలేసినా 14 వేలు మిగులుతాయి.

ఆ 14 వేలు జీతం పడిన మర్నాడే ఆర్‌డీకి పోవాలి. జీతం ఖాతా ఉన్న బ్యాంకులో వద్దు, ఫోన్లో యాప్ లేని వేరే బ్యాంకులో పెట్టండి. కారు అమ్మగా వచ్చింది కూడా అక్కడికే. ఎంత పోగుచేయాలి? కారు ఈఎంఐ, చీటీ పోయాక మీ ఇంటి తప్పనిసరి ఖర్చు హైదరాబాద్‌తో కలిపి నెలకు 84 వేల దాకా తేలుతుంది. ఆరు నెలలకు ఐదు లక్షలు. ఉద్యోగం పోదన్న ధైర్యంతో మూడు నెలలు చాలదా అని అడుగుతారు. మీ ఇంట్లో అరవై దాటిన అమ్మగారు ఉన్నారు. కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్ ఉంది, కాదనను. అర్ధరాత్రి ఆయాసం వస్తే మీ ఆవిడ ఒక్కరే ఆటోలో దగ్గర్లో ఏ ఆసుపత్రి తలుపు తెరిచి ఉంటే అక్కడికే తీసుకెళ్తారు. అది ఆ పథకం గుర్తించిన ఆసుపత్రుల (ఎంప్యానెల్) జాబితాలో ఉందో లేదో ఆ సమయంలో ఎవరూ చూడరు. లేకపోతే కౌంటర్లో డబ్బు ముందు కట్టాలి, బిల్లులు పెట్టి రీయింబర్స్‌మెంట్ తెచ్చుకునేది ఎప్పుడో. ఇన్నాళ్లూ మీరు పై గదిలోనే ఉండేవారు, పిలిస్తే దిగి వచ్చేవారు. రేపటి నుంచి ఐదారు గంటల దూరంలో ఉంటారు. అంటే ఫండ్ అవసరం ఇప్పుడు తగ్గలేదు, పెరిగింది. అందులో యాభై వేలు మీ ఆవిడ ఒక్కరే తీసుకోగలిగేలా ఆమె పేరు మీద ఖాతాలో ఉంచండి. మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చి, మీరు మీటింగ్‌లో ఉంటే ఆ డబ్బు ఉన్నా లేనట్టే.

చీటీ గురించి మీరు రాయలేదు గానీ స్టేట్‌మెంట్‌లో కనిపించింది. ఐదు లక్షల చీటీ, పాతిక నెలలు, పద్నాలుగు కట్టారు. తొందరపడి ఈ నెల పాట పాడేయకండి. మిగిలిన వాళ్లు తగ్గేకొద్దీ పాట కూడా తగ్గుతుంది, ఇంకో ఆరేడు నెలలు ఓపిక పట్టండి. ఎత్తిన డబ్బు మొత్తం ఎఫ్‌డీ. మీ ఎమర్జెన్సీ ఫండ్‌లో పెద్ద ముక్క అదే. పాడుకున్నాక మిగిలిన వాయిదాలు కట్టాలన్న సంగతి మర్చిపోకండి. ఆ చీటీ అయ్యాక ఇంకోటి మొదలుపెట్టకండి.

మొదటి నెల ఖర్చులకు చేతిలో డబ్బు లేదంటారు. నిజమే. హాస్టల్ అడ్వాన్సు, పరుపు, బకెట్టు, ఇస్త్రీ పెట్టె కలిపినా పాతిక వేలు దాటవు. మరీ ఇబ్బందైతే ఇంట్లో ఒక చిన్న నగ మీద బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని, కారు అమ్మగానే విడిపించుకోండి. పింఛను కోసం పోగవుతున్న ఎన్‌పీఎస్ జోలికి పోకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నారు కాబట్టి అద్దె రసీదులతో పన్ను కలిసొచ్చేదేమీ లేదు. మ్యూచువల్ ఫండ్లు, రెండో ఇల్లు, ఇవన్నీ ఐదు లక్షలు పోగయ్యాక మాట్లాడుకుందాం.

ఇన్సూరెన్స్ గురించి మాత్రం ఇప్పుడే. ఎల్‌ఐసీకి ఏడాదికి 60 వేలు కడుతున్నారు, మీరు పంపిన రెండు పాలసీల కవర్ కలిపి ఎనిమిది లక్షలు. గ్రూప్ బి ఉద్యోగిగా కేంద్ర ఉద్యోగుల గ్రూప్ బీమా పథకం సీజీఈజీఐఎస్‌లో మీకున్న బీమా 60 వేలు. ఇంటి లోన్ బాకీయే ఈ మొత్తం కవర్‌కు రెట్టింపు పైన ఉంటుంది. వారం వారం రోడ్డో రైలో పట్టుకుని తిరగబోతున్నారు. కోటి రూపాయల టర్మ్ పాలసీ హైదరాబాద్ వెళ్లకముందే అప్లై చేయండి, మెడికల్ టెస్టులు గుంటూరులోనే అయిపోతాయి.

కుటుంబాన్ని హైదరాబాద్ తీసుకెళ్లాలా, మీరే ఇటువైపు బదిలీకి పెట్టుకోవాలా అన్నది బాబు పదో తరగతి పరీక్షలు రాశాక తేల్చుకోండి. బదిలీ అప్లికేషన్ మాత్రం ఇప్పుడే ఇచ్చి డైరీ నంబరు తీసుకోండి. ఇక బ్యాంకు నుంచి ఆ ప్రీ అప్రూవ్డ్ అమ్మాయి మళ్లీ ఫోన్ చేస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు మాఫీ అంటుంది, ఈ నెలాఖరు వరకే అంటుంది. వద్దమ్మా అని పెట్టేయండి.