శతకానికి మకుటం కుదిరేదాకా ఆగు

అమ్మలూ,

వేమన దారిలో తేట తెలుగులో శతకం రాస్తానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనసు నిండింది. వెంటనే గుబులూ పట్టుకుంది, తొందరపడి ప్రతి పద్యం చివరా వచ్చే మకుటం ఏదో ఒకటి పెట్టేసుకుంటావేమోనని.

ఛందస్సు సంగతి నీకు తెలిసిందే. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికే కాలం, గణం అంటే అక్షరాల గుంపు. వేమన వాడిన ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి.

ఇక మకుటం. ‘విశ్వదాభిరామ వినురవేమ’ నాలుగో పాదమంతా ఆక్రమిస్తుంది. అయిదు సూర్యగణాలూ సరిపోయాయి, ‘వి’కి ‘వి’ యతీ కుదిరింది. కానీ చెప్పదలచుకున్నది చెప్పడానికి మిగిలేవి మూడే పాదాలు, 15 గణాలు. ‘సుమతీ’ లెక్క వేరు. అది కందమనే మరో ఛందం, మకుటం ఒక్క గణం, నాలుగు మాత్రలు. కందం గురువుతో, అంటే రెండు మాత్రల అక్షరంతో, ముగియాలి కాబట్టి చివరి ‘తీ’ ఆ పనీ చేసిపెడుతుంది. కొత్తవాళ్లు ఇవేవీ చూసుకోరు. చెవికి ఇంపుగా ఉందని బారెడు మకుటం ఎంచుకుంటారు. ఇరవై పద్యాలు దాటేసరికి విషయం రెండు పాదాల్లోనే అయిపోతుంది. మూడోది ‘నిజము సుమ్మి, వినుము, కనుము’ అంటూ నింపుతారు. అలాంటి పాదం నీ శతకంలో ఒక్కటి కనిపించినా ఊరుకోను! శతకమంటే ఆ మకుటం నూరుసార్లకు పైగా వినపడుతుంది తల్లీ. అందుకే ముందు పది పద్యాలు రాయి. కొన్ని కోపంతో, కొన్ని జాలితో, కొన్ని ఎగతాళిగా. అన్నిటి కిందా అతికితేనే ఆ మకుటం ఉంచుకో. ‘వినుర’ అన్న పిలుపు తిట్టుకూ బుజ్జగింపుకూ సరిపోతుంది, చూడు.

తేలిక మాటలు వాడినంత మాత్రాన పద్యం వదులు కాకూడదు. ఈ వేమన పద్యం చూడు, మకుటం వదిలేసి:

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా

మొదటి పాదంలో రెండూ ఒకేలా ఉన్నాయన్నాడు. ‘చూడ చూడ’ అని రెండుసార్లు అనడంలో పరీక్షగా చూడడం ఉంది. మూడో పాదంలో ‘పురుషులు’ మళ్లీ వచ్చింది సరిగ్గా యతిస్థానంలో. ‘పు’కి ‘పు’ కలిసింది, మామూలు మనుషుల్లోంచి పుణ్యపురుషులు విడిపడ్డారు. రెండో పాదంలోని ‘వేరు’ ఇక్కడ ‘వేరయా’ అయింది. ఉప్పు గురించి అన్నమాట మనిషికి తగిలింది. మాట మళ్లీ వచ్చినప్పుడల్లా అర్థం ఒక మెట్టు ఎక్కాలి, ఎక్కకపోతే కొట్టెయ్.

గురజాడ ‘దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్’ గణించి చూడు. ‘దేశమంటే’ ఏడు మాత్రలు, ‘మట్టికాదోయ్’ ఏడు, ‘మనుషులోయ్’ అయిదే. మొదటి సగం మారకుండా నిలిచింది గనకే మారిన మాట మీద చెవి ఆగుతుంది. చివర తగ్గిన రెండు మాత్రల్లో ఆ మాట నాటుకుంటుంది.

ఆ పది పద్యాలూ గట్టిగా చదివి, రికార్డు చేసి పంపు. కాగితం మీద కనపడని తప్పులు నాకు చెవిలో పడతాయి. పరీక్షలయ్యాకే మొదలుపెట్టు, రాత్రుళ్లు మేలుకోకు.

మీ మామయ్య